మెంటర్‌ను మార్చమని వచ్చిన అబ్బాయి: ఒక లాటరల్ ఎంట్రీ కేసు

అనంతపురం దగ్గర ఒక ప్రైవేట్ ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్) పాఠాలు చెబుతాను. ప్రతి విద్యార్థి బాగోగులు చూడటానికి ఒక లెక్చరర్‌ను మెంటర్‌గా కేటాయిస్తాం. డిపార్ట్‌మెంట్‌లో ఆ మెంటరింగ్ వ్యవహారాలు చూసే బాధ్యత కూడా నాదే. ఏటా సెమిస్టర్ మొదట్లో మెంటర్‌ను మార్చమని కొన్ని అప్లికేషన్లు వస్తుంటాయి. వాటిలో చాలావాటికి మెంటర్ మారడం మందు కాదు. మరి మందేమిటో ఏ వరసలో వెతకాలన్నది ఈ కేసులో బాగా కనబడింది, అందుకే రాస్తున్నాను. అబ్బాయి అనుమతి తీసుకున్నాను. పేరు, ఏడాది మార్చాను, గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. ఇక్కడ శివ అందాం.

నేపథ్యం

శివ వాళ్లది రాయదుర్గం వైపు. ఆ పక్క జీన్స్ కుట్టడం ఎన్నో ఇళ్లకు బతుకుదెరువు. వాళ్లమ్మ ఇంట్లోనే మిషన్ మీద కుడుతుంది, కూలి పీసు లెక్కన. నాన్న పొలం పని ఉంటే పొలానికి, లేకపోతే కటింగ్ యూనిట్‌కు పోతాడు. శివ తెలుగు మీడియంలో పదో తరగతి, పాలిటెక్నిక్‌లో ఈసీఈ డిప్లొమా చేసి, డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాడు. దీన్నే లాటరల్ ఎంట్రీ అంటారు.

ఈసెట్ పేపరు 200 మార్కులకు. అందులో 100 బ్రాంచి సబ్జెక్టులకు, 50 మ్యాథ్స్‌కు, ఫిజిక్స్‌కు 25, కెమిస్ట్రీకి 25. బ్రాంచిలో గట్టిగా ఉన్నవాడికి మ్యాథ్స్ అంతంతమాత్రమే అయినా ర్యాంకు వచ్చేస్తుంది. శివకు వచ్చింది కూడా అట్లాగే. చేతిపనిలో క్లాసులో ఎవరికీ తీసిపోడు. సర్క్యూట్ పని చేయకపోతే మిగతావాళ్లు మాన్యువల్ తిరగేస్తుంటే, ఇతను మల్టీమీటర్ పెట్టి తెగిన వైరు ఎక్కడుందో చెప్పేస్తాడు. కానీ ఇంటర్ చదివి వచ్చినవాళ్లు ఫస్టియర్‌లో రాసిన రెండు మ్యాథ్స్ పేపర్లను ఇతను చూడనే లేదు. 2-1లో, అంటే రెండో ఏడాది మొదటి సెమిస్టర్‌లో, అడుగుపెట్టగానే కాంప్లెక్స్ వేరియబుల్స్, ట్రాన్స్‌ఫార్మ్స్ ఎదురయ్యాయి. ఆ సెమిస్టర్‌లోనే సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ కూడా ఉంది. అక్కడ ఆ మ్యాథ్స్ వచ్చన్న నమ్మకంతోనే పాఠం మొదలవుతుంది.

వచ్చిన సమస్య

3-1 మొదలైన కొత్తల్లో అప్లికేషన్ పట్టుకొచ్చాడు. 'మా మెంటర్ సార్ సరైన గైడెన్స్ ఇవ్వడం లేదు కావున వేరే మెంటర్‌ను కేటాయించగలరని ప్రార్థన.' అప్పటికి నాలుగు బ్యాక్‌లాగ్స్, అంటే పాస్ కాకుండా మిగిలిన పేపర్లు, ఉన్నాయి. అటెండెన్స్ 75 శాతం కిందికి జారుతోంది.

"సార్‌ను ఏమడిగితే చెప్పలేదు?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "ఏమని అడగల్లో తెలీదు మేడమ్. పిలిస్తే పోతా, బుక్కులో సంతకం పెట్టమంటాడు, పెట్టి వస్తా."

మెంటరింగ్ బుక్ తెప్పించి చూశాను. పేజీ తర్వాత పేజీ ఒకటే వాక్యం: 'అటెండెన్స్ పెంచుకోవాలని, బ్యాక్‌లాగ్స్ క్లియర్ చేసుకోవాలని కౌన్సెల్ చేయడమైనది.' తేదీలు వేరు, ఇంకు మాత్రం ఒకటే. కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ వాళ్లు ఎంతమంది విద్యార్థులకు ఒక మెంటర్ ఉన్నారో చూస్తారు గనక ఏ కాలేజీలోనైనా పుస్తకాలకు కొదవుండదు. లోపల ఏం మాట్లాడుకున్నారన్నది వేరే సంగతి.

అలాగని మెంటర్ నిర్లక్ష్యపు మనిషి అనుకోవద్దు. పాఠాలు, ల్యాబులు, పరీక్షల డ్యూటీ, సొంత పీహెచ్‌డీ పోగా ఆయన కింద ఇరవై మంది పైనే విద్యార్థులున్నారు. శివ గురించి అడిగితే, "బుద్ధిమంతుడే మేడమ్, నోరు విప్పడు" అన్నారు. ఒకరికి ఏమడగాలో తెలియదు, ఇంకొకరికి ఏం చూడాలో తెలియదు. ఇలాంటప్పుడు మెంటర్‌ను మారిస్తే కొత్త పుస్తకంలో అదే వాక్యం మళ్లీ మొదలవుతుంది. అందుకే అప్లికేషన్ తిప్పి పంపకుండా, మంజూరూ చేయకుండా నా దగ్గరే పెట్టుకున్నాను. "ఈ సెమిస్టర్ అయ్యాక కూడా మారాలనుకుంటే మారుస్తాను" అని మాటిచ్చాను. ఆ మాట ముఖ్యం. తన ఫిర్యాదు చెత్తబుట్టలో పడిందనుకుంటే పిల్లవాడు ఇంక మన గుమ్మం తొక్కడు.

దానికి ముందు ఇంకో సంగతి తేల్చుకోవాలి. నిద్ర పడుతోందా, తింటున్నాడా, రూములో ఎవరైనా ఏడిపిస్తున్నారా, అప్పులున్నాయా అని మెల్లగా అడిగాను. మనసుకు సంబంధించిన ఇబ్బంది కనబడితే దారి వేరు. చదువు ప్లాను పక్కనపెట్టి కౌన్సిలర్ దగ్గరికి పంపాలి, మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు చేతికివ్వాలి. శివకు టెన్షన్ ఉంది, సిగ్గుంది, అంతకుమించి ఏమీ కనబడలేదు. అక్కడి నుంచి దీన్ని చదువు సమస్యగానే చూశాను.

అప్పటికే చేసినవి, అవి ఎందుకు పారలేదు

మొదటిది మామూలే, తల్లిదండ్రులకు ఫోన్. 2-2లో మెంటర్ ఫోన్ చేస్తే తండ్రి ఒకరోజు కూలి పోగొట్టుకుని వచ్చాడు. స్టాఫ్‌రూములో అందరి ముందూ కొడుకును తిట్టి పోయాడు. కొన్నాళ్లు అటెండెన్స్ పెరిగింది, మళ్లీ పడిపోయింది. పైగా ఆ తర్వాత నుంచి శివ ఇంట్లో రిజల్ట్స్ సంగతి చెప్పడం మానేశాడు. తండ్రికి మనం ఇచ్చిన సమాచారం 'మీవాడు సరిగా రావడం లేదు' అన్నంత వరకే. ఏ రోజు, ఏ గంట, దానివల్ల ఏం పోతుంది అన్నది చెప్పలేదు. ఆయన చేతిలో తిట్టడం తప్ప వేరే సాధనం లేకుండా మనమే పంపాం.

రెండోది సాయంత్రం రెమెడియల్ క్లాసు. శివ క్రమంగానే వెళ్లాడు. అక్కడ సిలబస్‌ను మొదటి యూనిట్ నుంచి మళ్లీ చెబుతారు. ఇతని లోటు ఆ మొదటి యూనిట్‌కు ముందే ఉంది. బోర్డు మీద రెండో లైను నుంచి అర్థం కాని క్లాసును రెండుసార్లు విన్నా ఫలితం అదే.

మూడోది క్లాసులో టాపర్‌ను పక్కన కూర్చోబెట్టడం. ఆ అమ్మాయి మంచిది, ఓపికగానే చెప్పింది. కానీ ఆమె చకచకా చేసి చూపిస్తుంది, ఇతను చక్కగా ఎక్కించుకుంటాడు. ఆ నోట్స్ చూస్తే ఏ సమస్యా లేని విద్యార్థి నోట్స్ లాగా ఉంటుంది.

ఎక్కడ ఆగిపోతున్నాడు

శివకు తెల్లకాగితం ఇచ్చి ఇన్వర్స్ లాప్లాస్ లెక్క ఒకటి చేయమన్నాను. నేను పక్కన కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నట్టు ఉండి పెన్ను కదలికనే చూశాను. లెక్క రాసుకున్నాడు, ఫార్ములా సరిగ్గా గుర్తుచేసుకుని పక్కన డబ్బా గీసి అందులో రాశాడు. హారంలో రెండు కారణాంకాలున్నాయి, వాటిని విడదీసి పార్షియల్ ఫ్రాక్షన్స్‌గా రాయాలి. అక్కడ పెన్ను ఆగింది. కాసేపటికి హారాన్ని మళ్లీ గుణించి మొదటికి తెచ్చాడు, కొట్టేశాడు, ఇంకోసారి అదే చేశాడు.

లాప్లాస్ అతను డిప్లొమాలో చూసినదే. రానిది దానికి ముందు మెట్టు. 'మ్యాథ్స్ రాదు' అని రెండు సెమిస్టర్లుగా అందరూ అంటున్న మాట ఆ కాగితంతో చిన్నదైంది. మిగతా పేపర్లకూ ఇలాగే ఒక్కో లెక్క ఇచ్చి చూశాక అడ్డుపడుతున్నవి నాలుగే అని తేలింది. లాప్లాస్‌కు పార్షియల్ ఫ్రాక్షన్స్, ఫోరియర్ సిరీస్ గుణకాలకు ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, స్పెక్ట్రమ్ గీయడానికి కాంప్లెక్స్ నంబర్లను పోలార్ రూపంలోకి మార్చడం, జెడ్ ట్రాన్స్‌ఫార్మ్‌కు జామెట్రిక్ సిరీస్ మొత్తం. అంటే ఫస్టియర్ మ్యాథ్స్ అంతా తిరగదోడక్కర్లేదు.

అటెండెన్స్‌ను కూడా శాతంగా కాకుండా గంటలవారీగా తీయించాను. గైర్హాజరు గంటలు ఎక్కువ భాగం సోమవారం ఉదయానివే. శని, ఆదివారాలు ఇంటికి పోతాడు. కుట్టిన ప్యాంట్లకు దారాలు కత్తిరించి, సైజుల వారీగా లెక్కపెట్టి కట్టలు కట్టడం అతని పని. ఆదివారం రాత్రి షావుకారు మనిషి వచ్చి కట్టలు తీసుకుపోతాడు. సోమవారం తెల్లవారుజామున బస్సెక్కినా కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం చేరి, అక్కడి నుంచి కాలేజీకి వచ్చేసరికి మొదటి గంట అయిపోతుంది. సోమవారం ఉదయం మూడు గంటలూ ల్యాబ్.

"లేటయితే ల్యాబ్‌లోకి రానీరు మేడమ్. ల్యాబ్ నాకు వస్తాది కదా, ఏమవుతాదిలే అనుకుంటి."

తనకు బాగా వచ్చిన దాంట్లోనే అటెండెన్స్ పోగొట్టుకుంటున్నాడు. ఒక్క సోమవారం పోతే మూడు గంటలు పోయినట్టు. మొత్తం హాజరు 65, 75 శాతాల మధ్య ఉంటే సరైన కారణం చూపి, ఫీజు కట్టి కాండొనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) తెచ్చుకోవచ్చు. 65 దిగితే డిటెన్షనే, సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ హాజరు చూస్తారు. ఇవన్నీ రెగ్యులేషన్ పుస్తకంలో ఉన్నవే, కానీ ఆ పుస్తకం తెరిచిన విద్యార్థిని నేనింతవరకు చూడలేదు.

ఏ సబ్జెక్టు ముందు

నేను ఎక్కువసేపు తర్జనభర్జన పడ్డది ఇక్కడే. అంతకు ముందు సప్లీలో, అంటే తప్పినవాళ్లకు పెట్టే సప్లిమెంటరీ పరీక్షల్లో, శివ నాలుగు పేపర్లూ కట్టాడు, నాలుగూ పోయాయి. అందరూ చెప్పిన సలహా, మ్యాథ్స్ ముందు చూసుకో, అది వస్తే మిగతావి వాటంతట అవే వస్తాయని. వినడానికి సబబుగానే ఉంటుంది. టైమంతా మ్యాథ్స్‌కే పెట్టాడు.

మార్కుల షీట్ పక్కన పెట్టుకుని లెక్క వేశాం. మాకు ఇంటర్నల్స్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ వేసే మార్కులు) 30, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 70. పాస్ కావాలంటే ఎక్స్‌టర్నల్‌లో కనీసం 35 శాతం, అంటే 25 రావాలి, రెండూ కలిపి కనీసం 40 కావాలి. సప్లీ రాసేటప్పుడు పాత ఇంటర్నల్స్ అట్లాగే ఉంటాయి. కాబట్టి ఒక్కో సబ్జెక్టుకు కావలసిన ఎక్స్‌టర్నల్ ఒక్కో రకంగా ఉంటుంది. మ్యాథ్స్‌లో ఇతని ఇంటర్నల్స్ 11, కాబట్టి 29 రావాలి, సప్లీలో వచ్చింది 14. ఈఎం వేవ్స్ (విద్యుదయస్కాంత తరంగాలు)లో ఇంటర్నల్స్ 9, రావలసింది 31, వచ్చింది 8. సిగ్నల్స్‌లో ఇంటర్నల్స్ 17, కాబట్టి 25 వస్తే చాలు, వచ్చింది 22. ప్రాబబిలిటీలో ఇంటర్నల్స్ 21, అక్కడా 25 చాలు, వచ్చింది 19.

శివ ఆ కాగితాన్ని తనవైపు తిప్పుకుని, "సిగ్నల్స్ మూడు మార్కులతోనా పోయింది?" అన్నాడు. రిజల్ట్స్ వచ్చిన రోజు ఫెయిల్ అన్న మాట చూసి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడట.

పునాది ముందు అనే వాదన ప్రకారం మ్యాథ్స్ ముందు రావాలి. మార్కుల లెక్క ప్రకారం సిగ్నల్స్, ప్రాబబిలిటీ ముందు. నేను రెండో దాన్ని ఎంచుకున్నాను. కారణాలు రెండు. మా రెగ్యులేషన్‌లో ఫైనల్ ఇయర్‌కు ప్రమోట్ కావడానికి అప్పటిదాకా ఉన్న క్రెడిట్లలో (ఒక్కో సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) 40 శాతం చాలు. శివకు అంతకంటే ఎక్కువే ఉన్నాయి గనక మ్యాథ్స్, ఈఎం వేవ్స్ వెనక్కి నెట్టినా ఏడాది పోదు. ఇక సిగ్నల్స్‌కు కావలసిన నాలుగు మ్యాథ్స్ పనిముట్లు రేపు మ్యాథ్స్ పేపరుకూ కావలసినవే. పునాదిని వదలడం లేదు, దాన్ని వేరే పేపరు మీదుగా వేస్తున్నాం. క్రెడిట్లు తక్కువైన విద్యార్థి అయితే ఈ నిర్ణయం తిరగబడుతుంది. అప్పుడు క్రెడిట్లు ఎక్కువున్న సబ్జెక్టు ముందు చూడాలి. అందుకే ఒకరికి చెప్పిన వరసను ఇంకొకరికి చెప్పడానికి నేను ఒప్పుకోను.

గైడ్‌ను వెతుక్కోవడం

మెంటర్ ఒక్కరే అన్నీ చేయాలనుకోవడం దగ్గరే చాలా కేసులు చెడతాయి. ఆయనకు మూడు పనులే మిగిల్చాను: నెలకోసారి గంటలవారీ అటెండెన్స్ చూడటం, సప్లీ ఫీజు గడువు గుర్తుచేయడం, సోమవారం సంగతి ఇంటివాళ్లతో మాట్లాడటం. ఆయన భారం దిగినట్టే ఫీలయ్యారు. మ్యాథ్స్‌కు వేరే గైడ్ కావాలి. ఆ మనిషిని శివే వెతుక్కోవాలన్నాను. నేను ఫోన్ చేసి చెబితే ఆ గైడ్ కూడా కేటాయించిన మెంటరే అవుతారు.

శివ మొదట అనుకున్నది హెచ్ఓడీని. పెద్దవాళ్లను పట్టుకుంటే పని అవుతుందని మన పిల్లల లెక్క. నేను మూడు సంగతులు చూసుకోమన్నాను. నీకు రానిది ఆ మనిషి రోజూ చెప్పేదై ఉండాలి. ఆ మనిషికీ నీకూ ఒకే ఖాళీ గంట ఉండాలి. నీ ఇంటర్నల్స్ ఆ మనిషి చేతిలో ఉండకూడదు, ఉంటే తెలియనిది తెలియదని చెప్పడానికి భయపడతావు. ఈ మూడూ కలిసేది ఫస్టియర్‌కు మ్యాథ్స్ చెప్పేవాళ్ల దగ్గర. లాటరల్ ఎంట్రీ పిల్లలు ఆ డిపార్ట్‌మెంట్ గడప ఎక్కే అవసరమే రాదు, వాళ్లెవరో వీళ్లకు తెలియదు.

ఏం మాట్లాడాలో కూడా రాసుకున్నాం. 'మేడమ్, నేను లాటరల్ ఎంట్రీ. ఫస్టియర్‌లో మీ సబ్జెక్టు చదవలేదు. ఈ నాలుగు టాపిక్స్ వరకే రావాలి. వారానికి అరగంట ఇవ్వగలరా?' ఇందులో 'ఈ నాలుగే' అన్నదే అసలు మాట. 'మ్యాథ్స్ చెప్పండి మేడమ్' అంటే ఎవరైనా జంకుతారు, ఎంత టైము పోతుందో తెలియదు కదా.

మొదట అడిగిన సార్ కుదరదన్నారు. శివ ఇక వద్దులే అనే ధోరణిలో వచ్చాడు. ఆ సార్‌ను ఇంకెవరైనా ఉన్నారా అని అడిగావా అంటే, లేదన్నాడు. మళ్లీ వెళ్లి అడిగాడు, ఆయనే ఒక మేడమ్ పేరు చెప్పారు. ఆమె ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు: లెక్క తప్పయినా సరే చేసి తేవాలి, ఖాళీ కాగితంతో రాకూడదు. ఆ షరతే ఈ కేసులో అన్నిటికంటే బాగా పనిచేసింది. ముందురోజు రాత్రి కూర్చుని చేస్తే ఎక్కడ ఆగిందో తనకే తెలుస్తుంది. ఆగినచోట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తన అనుమానం ఒక వాక్యంలో రాసేవాడు. 'ఏమని అడగల్లో తెలీదు' అన్న పిల్లవాడికి ఆ గీతే ప్రశ్న అయింది.

సోమవారం

ఈసారి మెంటర్ తండ్రికి కాకుండా తల్లికి ఫోన్ చేశారు, ఎందుకంటే కట్టల లెక్క చూసుకునేది ఆమె. 'మీవాడు రావడం లేదు' అనకుండా, సోమవారం ఉదయం మూడు గంటలు పోతే ఏమవుతుందో, అట్లాంటి సోమవారాలు ఇంకెన్ని పోతే సెమిస్టర్ పోతుందో చెప్పారు. ఆమె వారం విడిచి వారం వస్తే చాలంది, మిగతా వారాల్లో చిన్నవాడు లెక్క చూస్తాడంది. పూర్తిగా కుదరలేదు. దసరా, దీపావళి ముందు ఆర్డర్లు ఎక్కువ, అప్పుడు శివ వరసగా పోవాల్సి వచ్చింది. ల్యాబ్ సార్‌తో మాట్లాడి ఆ వారాల్లో వేరే బ్యాచ్‌తో ప్రయోగం చేయించాం. హాజరు మాత్రం ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. సెమిస్టర్ చివరికి 71 శాతం, కాండొనేషన్ ఫీజు కట్టాడు.

ఫలితం

ఆ సప్లీలో రెండే పేపర్లు కట్టాడు. సిగ్నల్స్, ప్రాబబిలిటీ రెండూ పాసయ్యాయి. తర్వాతి సప్లీలో మ్యాథ్స్ గట్టెక్కింది. ఈఎం వేవ్స్ ఫైనల్ ఇయర్ దాకా వెంటాడింది. అందులో వెక్టర్ కాలిక్యులస్ కావాలి, అది మేము రాసుకున్న నాలుగింటిలో లేదు, కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు చాలావరకు బ్యాక్‌లాగ్ ఉంటే కూర్చోనివ్వవు గనక మొదటి డ్రైవ్‌లు పోయాయి. ఇది కూడా ఫలితంలో భాగమే, దాచిపెట్టి విజయగాథగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

మెంటర్ మార్పు అప్లికేషన్ గురించి సెమిస్టర్ చివర అడిగాను. "వద్దు మేడమ్, సార్ ఇప్పుడు బాగానే చెప్తాండాడు" అన్నాడు. సార్ మారలేదు, అడిగే పద్ధతి మారింది అని నా నమ్మకం. సార్‌ను అడిగితే పిల్లవాడే మారాడంటారేమో.

ఈ కేసు తర్వాత మా డిపార్ట్‌మెంట్‌లో చేసినవి

2-1 మొదటి వారంలోనే లాటరల్ ఎంట్రీ పిల్లల జాబితా ఫస్టియర్ మ్యాథ్స్ వాళ్లకు పంపుతున్నాం. పిల్లలకు ఒక్కో లెక్క ఇచ్చి, ఎక్కడ ఆగారో చూసి, ఆ టాపిక్ పేరు జాబితాలో రాస్తున్నాం. మెంటరింగ్ బుక్‌లో 'కౌన్సెల్ చేయడమైనది' గడి పక్కన 'విద్యార్థి అడిగిన ప్రశ్న' అని ఒక గడి పెట్టాం. సగం పుస్తకాల్లో అది ఖాళీగానే ఉంటోంది. కానీ ఖాళీగా ఉన్నదెవరిదో నాకు తెలుస్తోంది, వాళ్లను ముందు పిలుస్తున్నాను. బ్యాక్‌లాగ్ ఉన్న ప్రతి ఒక్కరి షీట్ మీద 'కావలసిన ఎక్స్‌టర్నల్' అని మెంటరే లెక్కవేసి రాయాలని పెట్టాం. పది నిమిషాల పని.

తేలనిది ఒకటుంది. ఆ మ్యాథ్స్ మేడమ్ ఇచ్చిన అరగంటలు ఏ వర్క్‌లోడ్ లెక్కలోకీ రావు, ఏ అప్రైజల్‌లోనూ కనబడవు. ఒక పిల్లవాడికైతే మంచితనంతో సరిపోయింది. ఈ ఏడాది జాబితాలో ఆమె దగ్గరికి వెళ్లాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ గంటలను టైమ్‌టేబుల్‌లో పెట్టి వర్క్‌లోడ్‌లో కలపమని అకడమిక్ కమిటీకి నోట్ పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.